తగ్గించిన మంట

ఆ పొద్దున ఆకాశం విరిగిన పాలలా ఉంది. తెల్లవారిందన్న మాటే గానీ, మబ్బు చాటున సూర్యుడెక్కడున్నాడో తెలియడం లేదు. గాజు సీసాల కార్ఖానా వాకిట్లో మేస్త్రీ ఒకసారి తలెత్తి చూసి, లోపలికి నడిచాడు.

ఆ కొలిమిని అతను ఏనాడూ ఆరనివ్వలేదు. ఒక్కసారి చల్లారిందంటే లోపలి ఇటుకలు బీటలు వారతాయి, మళ్లీ వెలిగించడమన్న మాట ఉండదు. గ్యాసుకీ కరెంటుకీ పెట్టలేక యజమాని దాన్ని మూసేస్తానంటే మేస్త్రీ చెల్లెలే అడ్డుపడింది. కొలిమి కక్కే వేడిలోంచే కార్ఖానాకి కరెంటు తీసిస్తానంది. ఆయన బల్ల మీది చిన్న ఫ్యాను చూపించి, ముందు దీన్ని తిప్పమ్మా, కొలిమిని ఉంచుతాను అన్నాడు. దానికి గడువు ఇవాళే; తిరగకపోతే ఈ మధ్యాహ్నమే గ్యాసు కట్టేయాలి.

చెల్లెలు తయారుచేసే సెల్స్, సోలారు పలకల్లా వెలుగునీ వేడినీ కరెంటుగా మార్చేవి, గోరంత బిళ్లలు. అందుకని పనివాళ్లు ఆమెకి గోళ్ల ఇంజనీరని పేరు పెట్టారు. ఎండ చాలక మా మంట మీద పడ్డావా అమ్మా అని ఏడిపిస్తే, సూర్యుడు దూరమయ్యా, మా అన్న దగ్గర అనేది. వారాల తరబడి కొలిమి చూపురంధ్రం దగ్గర కూర్చుని, తెల్లగా మండే ఆ వేడిని కొలిచి, చొక్కా కుట్టినట్టు సరిగ్గా ఆ కొలతకే బిళ్లల్ని చేసింది. మేస్త్రీ తలూపేవాడు. ఏమిటని, ఎలాగని అడిగేవాడు కాదు. అడగడు కదా అని ఆమె కూడా చెప్పేది కాదు.

ముందురోజు ఒక బిళ్లని అరచేతిలో పెట్టుకుని చూశాడు. ఉల్లిపొర కంటే పల్చన, వెనక బంగారు పూత. ఆ రాత్రే వచ్చి గ్యాసు మర కాస్త వెనక్కి తిప్పాడు. ఎవరికీ చెప్పలేదు. కొలిమి రంగు విషయంలో అన్న కన్ను తప్పదని ఆమె ఈ పొద్దున కొలవనూ లేదు.

అందరూ చేరాక, వెనక నీళ్లు పారే రాగి పలకకి అతికించిన బిళ్లల్ని ఆమె కొలిమి నోటికి ఎదురుగా నిలబెట్టింది. మీటరు ముల్లు వణికింది. ఫ్యాను రెక్క కదల్లేదు. తీగలు చూసింది, నీళ్ల గొట్టం చూసింది, మళ్లీ తీగలు చూసింది. యజమాని చేతిలో టీ చల్లారిపోయేదాకా నిలబడి, మేస్త్రీ భుజం తట్టి బయటికి వెళ్లిపోయాడు.

అప్పుడు గానీ ఆమె చూపురంధ్రంలోకి వంగలేదు. లోపల తెలుపు లేదు, పండిన నారింజ రంగుంది.

"అన్నా, మంట తగ్గించావా?"

"కొంచెమే. పల్చటివి కదా, మాడిపోతాయని."

ఆమె మెల్లగా బల్ల మీద కూలబడింది. "మాడవన్నా, వెనక నీళ్లున్నాయిగా. తెల్లటి మంటలో వేడే వాటికి తిండి. వాటికి పనికిరాని వేడిని ఆ బంగారు పూత తిప్పి నీ కొలిమికే పంపేస్తుంది. మంట తగ్గించావంటే వాటి నోటి దగ్గర కూడు లాగేసినట్టే." చేతిలోని తీగ కింద పెట్టి, "ఈ నాలుగు ముక్కలూ నీకు ముందే చెప్పలేకపోయాను" అంది.

మళ్లీ తెలుపెక్కాలంటే రేపటిదాకా పడుతుంది. మేస్త్రీ పరుగున వెళ్లి ఒక్క రోజు గడువడిగాడు. చేసింది చెప్పుకున్నాడు. యజమాని అతని వంక జాలిగా చూశాడు.

"ఇన్నేళ్లలో నువ్వు మంట తగ్గించగా చూసినవాడు లేడు. చెల్లెలి కోసం అబద్ధమాడే రోజు కూడా వచ్చిందా, మేస్త్రీ?"

ఇన్నాళ్లూ కాపాడుకున్న మంచిపేరే అతనికి ఎదురు తిరిగింది.

మధ్యాహ్నం తన చేత్తోనే మర కట్టేశాడు. పనివాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. ఎప్పటిలాగే పొద్దున ఇటుకల అంచున పెట్టిన అన్నం గిన్నెలు ఇంకా చెయ్యి కాలేంత వేడిగా ఉన్నాయి. గుడ్డతో పట్టుకుని దించి, ఒకటి చెల్లెలి ముందుకి జరిపాడు. ఆమె తన గిన్నెలోది సగం తీసి అతని గిన్నెలో వేసింది.

తింటూ ఉండగా లోపలెక్కడో ఇటుక ఫట్టుమంది. ముద్ద పట్టుకున్న ఇద్దరి చేతులూ ఆగాయి. ఇంకొకటి పగిలేలోగా ఇద్దరూ తలలు వంచుకుని మళ్లీ తినసాగారు.