దొర నోటి పుండు

ఇస్త్రీ చేసిన చొక్కా మీద ఒక్క వెంట్రుక కనబడినా మళ్లీ ఉతికించే మనిషి ఆమె. వీధి మలుపులో ఉన్న లాండ్రీ ఆమెదే. అలాంటి మనిషికి తమ్ముడు తన ఇగువానాను అప్పగించి ఓడ ఉద్యోగానికి వెళ్లిపోయాడు. తొండను పదింతలు చేసినట్టుంటుంది అది. తోకతో కలిపి రెండు మూరలు, గొంతు కింద వేలాడే తోలు, రెప్ప వేయకుండా చూసే కళ్లు.

"ఆరు నెలలే అక్కా. ఆకులు తింటుంది, ఎవరి జోలికీ పోదు. ఈ అద్దాల పెట్టెలో వేడి దీపం వెలుగుతుంటే చాలు. పేరు దొర" అన్నాడు.

ఆమె ఒక్కసారీ ఆ పేరుతో పిలవలేదు. "ఆ బల్లి" అనేది.

నాలుగో నెలలో అది తిండి మానేసింది. మూతి ఒక పక్క ఉబ్బింది, జిగురు తీగలు తీగలుగా కారింది. తడి బట్టలు మూటగట్టి వారం మరిచిపోతే వచ్చే కంపు అద్దాల పెట్టె నుంచి రావడం మొదలైంది. ఆమె ముక్కు మూసుకుని తొంగి చూసింది. పెదవి సందున పసుపు పచ్చటి చీము, విరిగిన పాలలా గడ్డకట్టి ఉంది.

బట్టల బుట్టలో వేసి, పైన తువ్వాలు కప్పి, దగ్గర్లోని పెంపుడు జంతువుల ఆసుపత్రికి తీసుకెళ్లింది. తువ్వాలు తీయగానే కౌంటరు పిల్ల కెవ్వున అరిచి కుర్చీ ఎక్కింది. డాక్టరు గుమ్మం దాటి రాలేదు.

"మేం కుక్కల్ని, పిల్లుల్నే చూస్తామమ్మా."

"మరి దీన్ని ఎవరికి చూపించాలి?"

"ఏమో. అయినా వాటికేం వైద్యమమ్మా, వదిలేయండి" అంటూ, ముట్టుకోకపోయినా చేతులు కడుక్కున్నాడు.

రెండో ఆసుపత్రికి పెద్ద అద్దాల తలుపులు. అన్ని రకాల జంతువులనూ చూస్తామని బోర్డు. అక్కడి డాక్టరు దాన్ని చూసి మురిసిపోయాడు. భుజాన ఎక్కించుకుని, సహాయకుల చేత వీడియో తీయించుకున్నాడు. జిగురు బొట్టు కోటు మీద పడితే "అబ్బ, ఛీ!" అని నవ్వాడు.

"నోరు చూడరా?" అడిగింది ఆమె.

"చూడక్కర్లేదండి. నీరసం అంతే" అని బలానికి సూది పొడిచి పంపేశాడు.

మర్నాటికి వాపు కంటి దాకా పాకింది. ఆమెకు ఒళ్లంతా రోత పుట్టింది. ఈసారి బల్లి మీద కాదు.

లాండ్రీకి వారం వారం కొన్ని తెల్లకోట్లు వచ్చేవి, అన్నీ పేడ మరకలే. పశువుల ఆసుపత్రిలో డాక్టరుగా పనిచేసే పెద్దావిడవి. వాటిని విడిగా, విసుక్కుంటూ ఉతికేది. ఆవిడకే ఫోన్ చేసింది.

"జంతు ప్రదర్శనశాలలో పదేళ్లు చేశాను. ఇప్పుడే పట్టుకురా" అందా డాక్టరమ్మ.

గేదెలు కట్టే కొట్టం పక్కన ఇనుప బల్ల. మందు సూదితో నోరు మొద్దుబారాక డాక్టరమ్మ చెప్పింది:

"తల నువ్వే పట్టుకోవాలి. గట్టిగా కాదు. కదలకుండా."

చేతుల కింద దాని చర్మం చల్లగా, గరుగ్గా తగిలింది. డాక్టరమ్మ పటకారుతో చీము గడ్డలు ఒక్కొక్కటే పీకి పళ్లెంలో వేసింది. కంపు గుప్పుమంది. ఆమెకు గొంతు దాకా వచ్చింది, మింగేసింది.

"వీటికి వెచ్చదనం లేకపోతే ఒంట్లో రోగాన్ని ఆపే సత్తువ ఉండదు. పెట్టెలో దీపం రోజూ వెలుగుతోందా?"

"వెలుగుతోందండి."

డాక్టరమ్మ ఇంకో గడ్డ తీసింది. అప్పుడు ఆమే నోరు విప్పింది.

"లేదండి. రెండు నెలలైంది తీసేసి. వేడికి దాని వాసన ఎక్కువవుతోందని..."

"ఇవాళ పెట్టు" అంది డాక్టరమ్మ, తలెత్తకుండానే.

తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. మోచేతుల దాకా మూడుసార్లు సబ్బు రుద్దుకుంది. ఎంత కడిగినా తన మీద తనకే అసహ్యం వదల్లేదు.

దీపం వెలిగింది. రోజు విడిచి రోజు సూదిమందు, రెండు పూటలా నోరు కడగడం. మొదటిరోజు మధ్యలోనే సింకు దగ్గరికి పరుగెత్తింది. మూడో వారంలోనూ డోకు వచ్చేది, కానీ పని పూర్తయ్యాకే పరుగెత్తేది. ఒక ఉదయం అది మెడ చాచి గుమ్మడాకు కొసను పుటుక్కున తెంపింది. ఆమె గబుక్కున ఇంకో ఆకు పెట్టింది.

తమ్ముడు ఫోన్ చేసినప్పుడు దాచలేదు.

"నేనే దీపం ఆర్పానురా. అందుకే వచ్చింది."

"ఇప్పుడు తింటోందా?"

"తింటోంది. దవడ ఎముక కాస్త పోయింది. మూతి వంకరగానే ఉండిపోతుందట."

"సర్లే అక్కా. నా తరఫున దొరకి ఒక ముద్దు పెట్టు."

"ఛీ! నోర్ముయ్!" అని ఫోన్ పెట్టేసి, దూది ముంచుకోవడానికి మందు సీసా మూత తీసింది.