నా కోపం కోసం ప్రార్థన

"మా ఆవిడ కోపం తగ్గేలా అందరూ ప్రార్థించండి" అని మా ఆయన ముందుగదిలో చెబుతున్నప్పుడు నేను వంటింట్లో వాళ్ల కోసమే టీ వడపోస్తున్నాను.

వారానికోసారి మా ఇంట్లో ప్రార్థన కూడిక. ఆసుపత్రిలో నర్సు డ్యూటీ దిగి వచ్చీరాగానే గది ఊడ్చేది, కుర్చీలు సర్దేది, కప్పులు కడిగేది నేను. విన్నపాలు చెప్పేది మాత్రం ఆయన. ఒకరి కీళ్లనొప్పులు, ఒకరి కొడుకు పరీక్షలు, ఆ తర్వాత నా కోపం.

ఆ కోపం ఎందుకొచ్చిందో ఆయన చెప్పలేదు. వార్డు ఇన్‌ఛార్జిగా నన్ను అనుకుంటున్నామని మేట్రన్ ఫోన్ చేస్తే, నేను స్నానానికి వెళ్లినప్పుడు ఆయనే తీసి, "తనకి అంత బాధ్యత వద్దంటోందండీ" అని చెప్పేశారు. నాకు ఆ సంగతి ఈ మధ్యాహ్నం మేట్రన్ చెబితే తెలిసింది. "వేరేవాళ్ల పేరు పంపేస్తున్నాను. నీకు నిజంగానే వద్దా?" అందావిడ. రేపొచ్చి చెబుతానని వచ్చేశాను.

ఇంటికొచ్చి అడిగితే, "నీ మంచికేగా! ఇల్లెవరు చూస్తారు?" అన్నారు. గొంతు పెంచాను. "అదిగో, మళ్లీ మొదలు. నువ్వసలు విశ్వాసివేనా?" అన్నారు. అత్తగారు ఎప్పటిలాగే, "ఊరుకో అమ్మా, వాడితో మనకెందుకు" అన్నారు.

ఊరుకోవడమే శాంతం అనుకున్నాను ఇన్నాళ్లూ. మింగిన కోపం ఎక్కడికి పోతుంది? మొన్న పాపకి జడ వేస్తూ ఎంత గట్టిగా లాగానో, అది ఏడ్చేదాకా నాకే తెలియలేదు. అది పాపమే, ఒప్పుకుంటాను. కానీ కోపం రావడమే పాపమా? దేవాలయంలో వ్యాపారుల బల్లలు పడదోసిన రోజు ప్రభువు నవ్వుతూ పడదోశాడా?

టీ పట్టుకెళ్లాను. ట్రే నేలకేసి కొట్టాలన్నంత కసి. జాగ్రత్తగా బల్లమీద పెట్టాను.

"మోకరించమ్మా, నీ కోసం ప్రార్థిద్దాం" అన్నారు పాస్టరుగారు.

మోకరించాను. అందరూ కళ్లు మూసుకున్నారు. మా ఆయన గొంతు సవరించుకుంటుండగానే నేను మొదలుపెట్టాను.

"ప్రభువా, నాకు కోపం వచ్చిన మాట నిజం. నీ దగ్గర దాచేదేముంది? నాకొచ్చిన ఇన్‌ఛార్జి పోస్టుని, నన్నొక్క మాటైనా అడక్కుండా, మా ఆయన వద్దనేశారు."

ఆయన దగ్గారు. మళ్లీ దగ్గారు. ప్రార్థన మధ్యలో ఎవర్నీ ఎవరూ ఆపరు.

"ఈ కోపంలో నా బిడ్డమీద చెయ్యి చేసుకోకుండా కాపాడు. ఆయన్ని తిట్టకుండా నా నాలుకని పట్టుకో. కానీ కోపాన్ని మాత్రం తీసెయ్యకు తండ్రీ. రేపు మేట్రన్ గదిలోకి వెళ్లి, ఆ పని నేను చేస్తానని చెప్పేదాకా ఉండనీ."

పాస్టరుగారు కళ్లు తెరిచి మా ఆయన వైపు చూశారు.

అప్పుడు, మోకాళ్లు వంగక మూల కుర్చీలోనే కూర్చున్న మా అత్తగారు గట్టిగా అన్నారు.

"ఆమెన్."