బోర్లించిన కప్పు

స్టాప్‌వాచీ మెడలో వేసుకుని ఆ పిల్ల గేటు గదిలోకి అడుగు పెట్టిన రోజునే లువాకి ఒళ్ళు మండింది. ఇరవై రెండేళ్ళుగా నామ్ దిన్ పట్నంలో బజారు చివర ఈ రైలు గేటు వేసి తీస్తున్న మనిషి తను. ఎలా వేస్తుందో చూసి రాసుకుపోవడానికి ఒకత్తె రావాలా? చోద్యం కాకపోతే!

"పిన్నీ, నా పేరు ఖ్వే. మీ పని ఏమీ మార్చొద్దు. మీరు రోజూ ఎలా చేస్తారో అలాగే చెయ్యండి, నేను మూల కూర్చుని రాసుకుంటాను. మీ కోసం కొత్త కంప్యూటరు తెర ఒకటి తయారవుతోంది కదా, దానికోసం."

"రాసుకో అమ్మాయ్. నేను తుమ్మితే కూడా రాస్తావా?"

"రాస్తాను పిన్నీ. ఎన్ని సెకన్లు పట్టిందో కూడా."

లువాకి నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. అంత తొందరగా నవ్వితే నెత్తికెక్కుతారు.

అయిదు రోజులు ఆ పిల్ల కదలకుండా కూర్చుంది. ఫోను మోగగానే స్టాప్‌వాచీని టిక్కుమనిపించేది. లువా ఫోనెత్తి రైలు నంబరు పైకి చెప్పడం, పుస్తకంలో ఎక్కించడం, బయటికి వెళ్ళి బాతుల బుట్టలవాళ్ళనీ మోపెడ్లవాళ్ళనీ అదిలించడం, గంట కొట్టడం, చక్రం తిప్పి గేటు దించడం, అన్నీ రాసుకుంది. అదిలించడంలో వాడిన తిట్లు మాత్రం వదిలేసిందట, పాపం.

కిటికీ పక్క బల్ల మీద టీ పళ్ళెం ఉంటుంది. కూజా ఒకటి, చిన్న పింగాణీ కప్పులు ఆరు. రైలు వస్తోందని కబురు రాగానే లువా ఒక కప్పు బోర్లిస్తుంది. ఆ రైలు కళ్ళ ముందు దాటాకే దాన్ని వెల్లకిలా పెడుతుంది. పళ్ళెంలో ఒక్క కప్పు బోర్లా ఉన్నా గేటు లేవదు. పెద్ద లైను పక్కనే గూడ్సు షెడ్డు లైను కూడా ఉంది మరి. రెండిటి కబుర్లూ ఒకేసారి వచ్చి పడుతుంటాయి. బయట హారన్లు, లోపల ఫోను, మనిషి బుర్ర ఎంతని మోస్తుంది? తనకి పని నేర్పిన ముసలి న్గాన్ బాబాయి పెట్టిన పద్ధతి ఇది. ఒకప్పుడు మొదటి రైలు దాటగానే గేటెత్తేసి, వెనకాలే వచ్చిన షెడ్డు ఇంజను కింద ఒక సైకిలు నలిగిపోవడం కళ్ళారా చూశాడాయన. సైకిలు మీది మనిషి దూకి బతికాడు. ఆ రాత్రి నుంచీ ఆయన కప్పుల్ని నమ్మాడు.

ఇదంతా లువా ఖ్వేకి చెప్పలేదు. ఖ్వే అడగలేదు. టీ పళ్ళెం గురించి ఎవరడుగుతారు? ప్రతి ఇంట్లో, ప్రతి ఆఫీసులో ఉండేదే కదా.

మూడు వారాల తర్వాత మేనేజరు త్వాన్ తెర పట్టుకుని దిగాడు. వెనకాల ఖ్వే. తెరని బల్ల మీద పెట్టడానికి టీ పళ్ళేన్ని ఆయనే పక్కకి తోశాడు.

"లువక్కా, మీ కష్టాలు తీరిపోయాయి! స్టేషను నుంచి కబురు రాగానే తెర మీద రైలు కనపడుతుంది. దాటగానే ఆకుపచ్చ మీట వెలుగుతుంది. నొక్కితే గేటు దానంతటదే లేస్తుంది. ఇంకా గేటుకి తీగ కలపలేదు, ఇవాళ ఊరికే చూపిస్తున్నా. నచ్చిందని ఇక్కడ సంతకం పెట్టండి."

లువా కాగితం చదివింది. తన పనులు పదకొండు. నాలుగు కొట్టేసి ఉన్నాయి. అందులో ఒకటి: 'కప్పులు సర్దుకోవడం, టీ ఏర్పాటు. రోజుకి ముప్పై ఎనిమిది సార్లు. వృథా.'

ఆమె చెవులు వేడెక్కాయి. "టీ ఏర్పాటా? ముప్పై ఎనిమిది సార్లు టీ తాగితే మనిషి బతుకుతుందా? నేను పెట్టను."

"అక్కా, పెట్టనివాళ్ళకి స్టేషను ఊడ్చే పని ఖాళీగా ఉంది."

"ఊడుస్తాను. చీపురు పట్టడం నాకు కొత్తా? ఈ కాగితం మీద మాత్రం నా పేరుండదు."

అంతలో ఫోను మోగింది. లువా పళ్ళేన్ని మళ్ళీ తన ముందుకి లాక్కుంది, ఒక కప్పు బోర్లించింది, బయటికెళ్ళి అందరినీ అదిలించి గేటు దించి వచ్చింది. "మీరు తెర చూసుకోండి సార్. నేను నాది చూసుకుంటా."

మళ్ళీ ఫోను. షెడ్డు నుంచి. "సరే, ఇంజను బయల్దేరింది," అని పైకే చెప్పి రెండో కప్పు కూడా బోర్లించింది. త్వాన్ కళ్ళు తెర మీదే ఉన్నాయి. అందులో షెడ్డు ఇంజను జాడే లేదు.

పెద్ద రైలు ధడధడమంటూ పోయింది. ఆకుపచ్చ మీట వెలిగింది. త్వాన్ ఉత్సాహంగా నొక్కేశాడు. "చూశారా, నలభై సెకన్లు మిగిలాయి! ఎత్తండి గేటు!"

లువా ఒక కప్పు వెల్లకిలా పెట్టి, బయటికెళ్ళి చక్రం మీద చేతులు వేసి నిలబడింది. తిప్పలేదు. బయట హారన్లు చెవులు పగలగొడుతున్నాయి. చంటిపిల్లతో మోపెడ్ మీదున్న ఒకావిడ, "నిద్రపోతున్నావా తల్లీ?" అని అరిచింది.

"అక్కా, రైలు పోయింది కదా!" అన్నాడు త్వాన్ కిటికీలోంచి.

"ఒకటి పోయింది."

షెడ్డు ఇంజను కూత పెట్టుకుంటూ గేటు ముందు నుంచి వెళ్ళింది. గది అద్దాలు అదిరాయి. మోపెడ్ ఆవిడ నోరు మూసుకుని పిల్లని గుండెకి హత్తుకుంది. త్వాన్ వేలు ఇంకా మీట మీదే ఉంది. లువా లోపలికి వచ్చి రెండో కప్పు వెల్లకిలా పెట్టి, అప్పుడు వెళ్ళి గేటెత్తింది.

"నేనే రాశాను సార్, టీ ఏర్పాటని," అంది ఖ్వే. "అయిదు రోజులు చూశాను, ఒక్కసారి అడగలేదు. తప్పు నాది. ఈ తెరని ఇలా కలపనివ్వను. మళ్ళీ మొదటినుంచి వచ్చి కూర్చుంటాను."

త్వాన్ గొంతు సవరించుకున్నాడు. "సరే, సరే, తర్వాత సర్దుదాం. ముందు సంతకం పెట్టెయ్యండక్కా, పైవాళ్ళకి పంపాలి."

కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడేట్టుంది వీళ్ళ వరస! లువా కాగితాన్ని బల్ల మధ్యకి జరిపింది. పళ్ళెంలోంచి ఒక కప్పు తీసి, సరిగ్గా సంతకం చోటు మీద బోర్లించింది.

కాగితం తీసుకుందామని త్వాన్ చెయ్యి చాచాడు. కప్పు దాకా వచ్చి ఆ చెయ్యి ఆగిపోయింది.