పచ్చగా పూసిన మొక్క

మా ఆయన పోయాక గాని ఆయన నాటిన కోన్‌ఫ్లవర్ మొక్కలు పూయలేదు.

అచ్చు యంత్రం దగ్గర రోజంతా నిలబడి వచ్చే మనిషి కాబట్టి, పెద్దగా చూసుకోనక్కరలేని మొక్కలే తెచ్చాడు. "నాటేసి మరిచిపోవడమే. మనం పట్టించుకోకపోయినా ఏటేటా అవే వస్తాయి" అన్నాడు.

"అచ్చం నీలాగే. పిలవకపోయినా భోజనం వేళకి వచ్చేస్తావు" అంది అత్తయ్య.

మొదటి ఏడాది ఆకులే వచ్చాయి. రెండో ఏడాది మొగ్గలు తొడిగేసరికి ఆయన లేడు. అత్తయ్య మంచం దిగడం మానేసింది. పూలు విచ్చాయని చెబితే, గోడ పట్టుకుని పెరట్లోకి వచ్చింది.

పద్నాలుగు మొక్కలు. నడుమ గోధుమరంగు బొడిపె, చుట్టూ కిందికి వాలిన గులాబీ రేకులు. చివరి మొక్క ఒక్కటే వేరుగా ఉంది. దాని రేకులు ఆకుపచ్చగా ఉన్నాయి. బొడిపెలోంచి చిన్న చిన్న ఆకుల కుచ్చులు లేచాయి.

"చూడమ్మాయ్, పువ్వులోంచి పువ్వు! వాడిదే ఈ కోతి బుద్ధి. ఏదీ నలుగురిలా చెయ్యడు కదా" అని నవ్వింది. ఆ పూట అన్నం అడిగి మరీ పెట్టించుకుంది.

నాకెందుకో అనుమానం వచ్చి, ఒక కాడ తెంపి నర్సరీ ఆయనకు చూపించాను. ఆయన చేత్తో ముట్టుకోలేదు.

"ఇది వింత కాదమ్మా, జబ్బు. పచ్చదోమ దీని రసం పీల్చి పక్కదానికి అంటిస్తుంది. మందు లేదు. ఇవాళే వేళ్లతో సహా పీకెయ్యండి."

"ఒక్క మొక్కేగా?"

"ఇవాళ్టికి ఒక్కటే."

గడ్డపార పట్టుకుని పెరట్లోకి వెళ్లాను. అత్తయ్య పీట వేసుకుని ఆ మొక్క పక్కనే కూర్చుంది. దానితో ఏదో చెబుతోంది.

"గడ్డపారెందుకే?"

"బట్టల తాడుకి గుంజ పాతుదామని" అన్నాను. పాతాను కూడా.

మరుసటి వేసవికి పద్నాలుగూ పచ్చబడ్డాయి. ఒక్క గింజ కట్టలేదు. అత్తయ్య మొదట సంబరపడింది. తర్వాత ఆకులు పాలిపోయి కాడలు మెలికలు తిరిగితే, తనే నర్సరీ ఆయనకు కబురు పెట్టింది.

ఆయన వచ్చి నావైపు చూశాడు. "పోయినేడే చెప్పాను కదమ్మా, ఆ ఒక్కటీ తీసెయ్యమని."

ఆయన వెళ్లిపోయాడు. నేను తవ్వడం మొదలుపెట్టాను. వేళ్లు చాలా లోతుకు దిగాయి. సగం తెగి భూమిలోనే ఉండిపోతున్నాయి. పదో మొక్క దగ్గర అత్తయ్య అడిగింది.

"తెలిసీ ఎందుకుంచావ్?"

"మీరు లేచి తిరుగుతున్నారని, అత్తయ్యా."

"నాకోసమా?"

"ఊఁ."

"వాడు నాటినవన్నీ నాకోసం చంపేశావా, అమ్మాయ్?"

గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది. ఇంకా నాలుగు మొక్కలున్నాయి. ఆవిడ చూస్తుండగానే గడ్డపార మళ్లీ ఎత్తాను.