మధ్యాహ్నం ఆట

"పాలపొడి లారీలు వంట టైముకి వస్తాయి, దింపించుకో. మందుల గోదాం నిండిపోకుండా చూడు. సిమెంటు సంగతి నేనొచ్చాక చూసుకుంటాలే," అన్నాడు ఆమె భర్త, బూట్లు తొడుక్కుంటూ.

కొత్తవాళ్లెవరైనా వింటే వీళ్లకి ఊరి చివర గోదాములూ, వాటి ముందు బారులు తీరిన లారీలూ ఉన్నాయనుకుంటారు. వీళ్లకున్నది మూడో అంతస్తులో రెండు గదులూ, ఒక వంటిల్లూ, బట్టలారేసుకోవడానికి సన్నటి బాల్కనీ. గోదాములన్నీ ఫోనులో ఉన్నాయి. ఇప్పుడు ఆ ఫోను ఆమెది.

అదొక ఆట. ఫ్యాక్టరీల నుంచి సరుకొస్తుంది. దాన్ని గోదాముల్లో దాచి, ఏ ఊరి దుకాణంలో ఏది అయిపోతోందో చూసుకుని లారీల మీద పంపాలి. దుకాణం ఖాళీ అయితే కొనేవాళ్లు వెళ్లిపోతారు. గోదాం నిండితే వచ్చిన లారీలు గేటు బయటే ఆగిపోతాయి. ఎక్కువ రోజులుంటే సరుకు చెడిపోతుంది. ఆడేవాళ్లంతా జట్లు కట్టి పోటీ పడతారు. ఆమె భర్త రెండేళ్లుగా అందులో మునిగి తేలుతున్నాడు. జట్టులో అతన్ని సేనాపతి అంటారు. అతను పనిచేసే ఇన్సూరెన్సు ఆఫీసులో ఈమధ్య అతన్ని లోపలి గదిలోంచి కౌంటరు మీదకి మార్చారు. కౌంటరు దగ్గర కూర్చునేవాళ్లు ఫోన్లు సొరుగులో పెట్టి తాళం వెయ్యాలి. ఆట మాత్రం ఆగదు కదా. కౌంటరుకి మార్చిన రోజు సాయంత్రమే అతను ఆమె ఫోనులోకి తన ఆట ఎక్కించాడు.

"నీకెంతసేపు పని? కుక్కరు కూతలేసేలోపు అయిపోతుంది," అన్నాడు.

ఆమె సరేననీ అనలేదు, కాదనీ అనలేదు. ఈ ఇంట్లో పనులు ఎప్పుడూ అలాగే ఆమెకి వచ్చాయి. అత్తగారి కంట్లో చుక్కల మందు వెయ్యడం, భర్త చొక్కాలకి ఊడిన గుండీలు కుట్టడం, కూతురి స్కూలు వాళ్లు అడిగిన అట్టబొమ్మలు చెయ్యడం, వాటర్ ట్యాంకు నిండితే పైకెళ్లి మోటారు ఆపడం. ఒక్కదానికీ ఫలానా రోజు నుంచి నువ్వు చెయ్యాలని ఎవరూ చెప్పలేదు. ఇంటి పని చెట్టుకి కాయ కాసినట్టు కాస్తుంది. ఎప్పుడు పూసిందో ఎవరూ చూడరు, కొమ్మ వంగాకే కనపడుతుంది. ఈ కొమ్మ వంగడం కూడా ఎవరికీ కనపడలేదు. పొయ్యి పక్కన ఉప్పు డబ్బాకి ఫోను ఆనించి పెట్టుకుని, కూర కలుపుతూ మధ్యలో లారీలు దింపించేది. అంట్లు తోముతుంటే, సరుకు పంపాలని ఫోనులో గంట మోగేది. సబ్బు చేతిని తువ్వాలుకి తుడుచుకుని, టైర్లు ఉత్తరం వైపు ఊళ్లకి పంపి, మళ్లీ సబ్బు అందుకునేది. బావుందా, విసుగ్గా ఉందా అని ఎవరైనా అడిగినా చెప్పలేకపోయేది. తడి గుడ్డ పిండినప్పుడు బావుందా అని ఎవరైనా అనుకుంటారా? పిండుతారు, ఆరేస్తారు, అంతే.

అత్తగారికి మాత్రం కోడలు ఫోను నొక్కుతున్నట్టే కనిపించేది. ఒకరోజు రాత్రి భోజనాల దగ్గర కూర్చుని తన చెల్లెలితో ఫోనులో చెప్పింది. "ఏం చెప్పమంటావే, మా కోడలికి ఫోను చేతికి అతుక్కుపోయింది. ఒక చేత్తో గరిటె, ఒక చేత్తో ఫోను. మా రోజుల్లో అయితే పొయ్యి మీద నుంచి చూపు తిప్పేవాళ్లమా."

భర్త పక్కనే అన్నం తింటున్నాడు. విన్నాడు కూడా. అది నా పనే అమ్మా, నేనే చెయ్యమన్నాను అని అతను అనొచ్చు. నోట్లో ముద్ద మింగేంత సమయం చాలు ఆ మాటకి. అతను ముద్ద మింగాడు, నీళ్లు తాగాడు, లేచి చెయ్యి కడుక్కున్నాడు. ఆమె అతని కంచం తీసి, బల్ల తుడిచింది. గుడ్డ నీళ్లలో జాడిస్తుంటే, ఇప్పుడు తనకి కోపం రావాలి కదా అనిపించింది. కాసేపు చూసింది కూడా, బస్సు కోసం చూసినట్టు. రాలేదు. కాలు మీద కాలు వేసుకుని చాలాసేపు కూర్చుంటే తిమ్మిరెక్కి, గిల్లినా తెలియనట్టు ఉంటుంది చూడండి, లోపల అంతా అలా ఉంది. ఎన్నాళ్లుగా అలా ఉందో కూడా గుర్తులేదు.

ఆటలో ఆమె చేసిన మార్పులు తెలివి చూపించుకోవడానికి చేసినవి కావు. ఫోను తక్కువసార్లు మోగితే చాలనుకుంది. భర్తది ఎక్కడ చవకగా దొరికితే అక్కడ పెళ్లి సరుకులు కొన్నట్టు కొని కుక్కే అలవాటు. గోదాములు కిక్కిరిసిపోయేవి, లారీలు గేటు దగ్గర నిలబడేవి, నిమిషానికోసారి గంట మోగేది. ఆమె కొంచెం కొంచెంగా తెప్పించడం మొదలుపెట్టింది. పాత సరుకు ముందు పంపి, కొత్తది వెనక పెట్టేది. దించి వచ్చే లారీ ఖాళీగా రాకుండా దారిలో ఏదో ఒకటి ఎక్కించేది. ఏ రోజు ఏ ఊరికి ఏం కావాలో ముందే ఆటలో రాసి పెట్టేది. దాంతో గంటలు తగ్గాయి. కూర కలిపినంతసేపు కూరే కలిపే రోజులొచ్చాయి. మూలన పడి ఉన్న జట్టు పైకి పాకుతూ, ఆ సీజను పోటీలు ముగిసేసరికి అన్నిటికన్నా పైన నిలబడింది. ఏ జట్టు ఎక్కడుందో చూపించే పట్టికని ఆమె ఎప్పుడూ తెరిచి చూడలేదు. భర్త ఫోను స్పీకర్లో పెట్టి జట్టువాళ్లతో మాట్లాడుతుంటే కూరగాయలు తరుగుతూ విన్నది. "లారీలు ఖాళీగా తిరగకూడదని నాకు ముందునుంచీ ఉందిరా," అంటున్నాడతను. అతను అబద్ధమాడుతున్నట్టు కూడా లేదు. అతని ఇల్లు, అతని ఫోను బిల్లు, అతని భార్య. అందులోంచి వచ్చింది అతనిదే అని నిజంగానే అనుకుంటున్నట్టుంది.

గెలిచినందుకు జట్టులో వాళ్లందర్నీ ఆదివారం భోజనానికి పిలిచాడు. "ఎక్కువమందేం కాదు, మనవాళ్లే," అన్నాడు. తెల్లవారకముందే లేచి ఆమె కూరలు తరిగింది, మాంసం కడిగింది, పక్కింటి నుంచి అడిగి తెచ్చిన కుర్చీలు తుడిచింది. వచ్చినవాళ్లు మంచివాళ్లే. ఫోన్లు రిపేరు చేసే అతనున్నాడు, కాలేజీలో పాఠాలు చెప్పే అతనున్నాడు, ఇంకో ఇద్దరు కుర్రాళ్లున్నారు. ఆడమనిషి ఒక్కతే, ఆసుపత్రిలో నర్సు. అందరూ ఆమెని వదినా, అక్కా అని పిలిచారు. కూరలు బావున్నాయన్నారు. ఆమె కూర్చోలేదు. కూర్చోమని రెండుమూడుసార్లు అన్నారు, అన్నాక కంచాలు ముందుకి జరిపారు.

"అన్న ఆట చూడాలంటే మధ్యాహ్నం పూటే చూడాలి," అన్నాడు రిపేరు అతను. "ఏం నిదానం, ఏం పొందిక. సాయంత్రమయ్యేసరికి ఏమవుతుందో, తాడు తెంపుకున్న దూడలా అయిపోతాడు."

అందరూ నవ్వారు. "ఎండలో నా బుర్ర బాగా పనిచేస్తుందిలే," అన్నాడు భర్త.

"చిన్నప్పుడూ అంతే," అంది అత్తగారు మురిసిపోతూ. "మధ్యాహ్నం పడుకోమంటే పడుకునేవాడు కాదు."

ఆమె ఖాళీ అయిన కూరగిన్నె పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. అప్పుడే ఫోను గంట మోగింది. మందుల లారీలు. గిన్నె దింపి, వేళ్లు తుడుచుకుని, నాలుగైదు చోట్ల నొక్కి మళ్లీ గరిటె అందుకుంది. తల తిప్పితే గుమ్మంలో నర్సు, చేతిలో నీళ్ల జగ్గుతో.

"మధ్యాహ్నం ఆడేది మీరా అక్కా?"

"అయ్యో, కాదు. ఆయన చెప్పినట్టు నొక్కుతానంతే."

అనేశాక గానీ ఏమన్నదో ఆమెకి తెలియలేదు. భర్త చెప్పమన్న అబద్ధం కాదు అది. అతను పక్కన లేడు, ఎవరూ బెదిరించలేదు. అయినా నోట్లోంచి అంత నున్నగా జారింది, రోజూ తోమే గిన్నెలా. నర్సు ఆమె మొహంలోకి కాసేపు చూసి, జగ్గు నింపుకుని వెళ్లిపోయింది. వెళ్లి, ఊరుకోలేదు.

"సేనాపతి గారూ, మీ మధ్యాహ్నం బుర్ర వంటింట్లో ఉందండోయ్," అంది. "ఇప్పుడే చూశాను. లారీలు పంపేది అక్క."

వంటింట్లో ఉన్న ఆమెకి భర్త నవ్వు వినిపించింది. "అవునవును, నేనే నేర్పించాను. తనకి ఆ ఆటంటే పిచ్చి. ఫోను వదలదు, కావాలంటే మా అమ్మనడగండి." ఆ మాటకి అందరూ మళ్లీ తేలికపడ్డారు. వదిన్ని పిలవండి, వదిన్ని పిలవండి అన్నారు. ఆమె అన్నం గిన్నె పట్టుకుని వస్తే చప్పట్లు కొట్టారు.

"ఇంకేం, వదిన్ని మన జట్టులో చేర్చేద్దాం," అన్నాడు పాఠాలు చెప్పే అతను.

"చేర్చేద్దాం," అన్నాడు భర్త, పెద్ద మనసు చేసుకుని. "తన పేరు మీద వేరే ఖాతా తెరుస్తాను. మందుల గోదాం తనకే ఇచ్చేస్తాను, రాణిలా ఏలుకోమనండి. ఏం, ఇష్టమేనా?"

అందరూ ఆమె వైపే చూస్తున్నారు, పుట్టినరోజు బహుమతి పొట్లం విప్పే పిల్లని చూసినట్టు. నర్సు మొహం మరీ వెలిగిపోతోంది, న్యాయం జరిగిందని. ఆమె అన్నం గిన్నె బల్ల మీద పెట్టింది. ఇష్టమేనా అని అడిగితే ఆమె నోటికి అలవాటైన మాట ఒకటుంది. కర్టెన్ల రంగు దగ్గరా, కూతురి పేరు దగ్గరా, ఉద్యోగం మానెయ్యడం దగ్గరా అదే చెప్పింది. మీ ఇష్టం. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఇందాక వంటింట్లో జారిన అబద్ధం రుచి ఇంకా అక్కడే ఉంది. రెండూ ఒకే రుచి.

"ఇష్టం లేదు," అంది.

"ఏది, మందులా? పోనీ టైర్లు తీసుకో."

"ఆ ఆటే ఇష్టం లేదు. మొదట్నుంచీ లేదు."

ఆమె గొంతులో కోపం లేదు. వర్షం పడేలా లేదు అన్నట్టు చెప్పింది. నర్సుకి నిజంగానే బాధేసింది. "అదేంటక్కా, మా అందరికన్నా బాగా ఆడతారు కదా," అంది.

"అంట్లు కూడా బాగానే తోముతానండీ," అంది ఆమె.

కుర్రాళ్లలో ఒకడు నవ్వబోయి, ఇంకెవరూ నవ్వకపోయేసరికి నీళ్ల గ్లాసు ఎత్తుకున్నాడు. నర్సు కంచంలోకి చూసింది. ఆమె అందరికీ ఇంకాస్త అన్నం వడ్డించి, లోపలికి వెళ్లిపోయింది. పొయ్యి దగ్గర నిలబడితే కాళ్లు వణుకుతున్నాయి. తిమ్మిరి వదిలేటప్పుడు అంతే కదా, సూదులు గుచ్చినట్టు ఉంటుంది, నిలబడలేం, కూర్చోలేం.

వాళ్లు వెళ్లేసరికి పొద్దు వాలింది. భర్త చొక్కా విప్పి కుర్చీ మీదకి విసిరాడు.

"నలుగురిలో పరువు తీశావు."

ఆమె గ్లాసులు ఒకదాంట్లో ఒకటి పెడుతోంది.

"ఇష్టం లేకపోతే ముందే చెప్పొచ్చుగా? ఇన్నాళ్లూ నోరు మూసుకుని ఆడి, ఇవాళే చెప్పాలా?"

"చెప్పాల్సింది," అంది. అది నిజమే. ఎందుకు చెప్పలేదని తనని తాను అడుగుతోంది ఇందాకట్నుంచి. బాగా చేస్తే చాలు, ఇంట్లో అందరూ అది ఇష్టమనే అనుకుంటారు. అనుకోనీ అని ఊరుకుంటే, కొన్నేళ్లకి తనూ అలాగే అనుకుంటుంది. ఆట ఒక్కటే దొరికిపోయింది, కొత్తది కాబట్టి. మిగతావన్నీ పాతబడి చర్మంలో కలిసిపోయాయి. వాటిల్లో ఎన్ని ఇష్టం, ఎన్ని అలవాటు?

"సరే. అయితే నీకేది ఇష్టమో అదే చెప్పు," అన్నాడతను. విసుగ్గా అన్నా, అడగడం అడిగాడు. "చెప్పు, అదే చేద్దువుగాని."

ఆమె చేతిలో గ్లాసు ఆగిపోయింది. పెళ్లికి ముందు కళ్లద్దాల దుకాణంలో పనిచేసేది. కొత్త అద్దాలు పెట్టుకుని బయట వీధిలోకి చూసేవాళ్ల మొహాలు గుర్తొచ్చాయి. అది ఇష్టమా, లేక జీతం వచ్చే పనిని ఇప్పుడు ముద్దు చేసుకుంటోందా? ఇంకేమైనా ఉందేమోనని వెతికింది. కూతురికి ఇష్టమైనవి గడగడా చెప్పగలదు, భర్తకి ఇష్టమైనవి, అత్తగారికి పడనివి కూడా. తనవి ఒక్కటీ తగల్లేదు. మొదటిసారి భయమేసింది. భయమైనా వేసినందుకు కొంచెం ఊపిరి కూడా ఆడింది.

"తెలీదు," అంది.

"చూశావా మరి."

"తెలుసుకోవాలి. దానికి టైము కావాలి నాకు." గ్లాసు కింద పెట్టి, ఫోను తీసుకుని, అతని కళ్ల ముందే ఆట తీసేసింది. అతను చెయ్యి చాపాడు గానీ మధ్యలోనే ఆగిపోయాడు. "రేపట్నుంచి భోజనాలయ్యాక, పాప స్కూలు నుంచి వచ్చేదాకా నేను ఎవరికీ దొరకను."

"దొరకకపోవడమేంటి? ఎక్కడికెళ్తావు?"

"ఇంకా అనుకోలేదు. ఉత్తినే వీధి చివరిదాకా నడుస్తానేమో. తలుపు వేసుకుని పడుకుంటానేమో."

ముందు గదిలో టీవీ గొంతు తగ్గింది. అత్తగారు అన్నీ వింటూనే ఉంది.

"మరి మధ్యాహ్నం నా టీ ఎవరు పెడతారే అమ్మాయ్?" అని అడిగింది అక్కడి నుంచే.

ఆమె ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. టీ అన్న మాట వినగానే అలవాటుగా పొయ్యి వైపు కదలబోయిన కాళ్లని ఉన్నచోటే ఉంచింది.

"టీపొడి రెండో అరలో, నీలం మూత డబ్బాలో ఉంటుందత్తయ్యా," అంది.