ఎత్తిన చెయ్యి

ఆ కాలవ మీద ఎత్తిన చేతికి రెండర్థాలు. పరాయివాళ్ళు ఎత్తితే "నెమ్మది, నాది చిన్న పడవ" అని. అయినవాళ్ళు ఎత్తితే "బాగున్నావా" అని. ఎవరూ నేర్పింది కాదు, అందరికీ తెలిసిందే.

పెద్దోడిది లాంచీ. వాడి తమ్ముడి పెళ్ళాం తెడ్డు పడవలో కూరగాయలమ్మేది. వంతెన దగ్గర కాలవ మరీ ఇరుకు. సంత రోజున అక్కడ పడవలు ఒకదాన్నొకటి రాసుకుంటూ పోతాయి. గట్టు మీద నడిచే మనిషి కన్నా వేగంగా లాంచీ పోకూడదని కట్టుబాటు. ఆ రోజు పెద్దోడు కొత్త ఇంజను బిగించి కొత్తల్లుడిలా మిడిసిపడుతున్నాడు. మరదలు పడవలో లేచి నిలబడి చెయ్యెత్తింది. వాడూ చెయ్యెత్తి, చూడు నా బండి అన్నట్టు ఇంకాస్త వేగం పెంచాడు. లాంచీ లేపిన అల వంతెన రాతిగోడకు కొట్టుకుని తిరిగొచ్చి, ఆమె పడవను బోర్లా పడేసింది. గోడకీ పడవకీ మధ్య నలిగిపోయింది మనిషి.

"పడవలో నిలబడితే అంతే మరి" అన్నారు జనం. పెద్దోడు ఔననలేదు, కాదనలేదు.

కొన్నాళ్ళకు తమ్ముడు ఆ పడవను గట్టు మీద బోర్లించి నాచు గీకుతుంటే పెద్దోడు వెళ్ళాడు.

"ఏం చేస్తావురా దీన్ని?"

"అమ్మేస్తా. చూస్తే ఒళ్ళు మండుతోంది అన్నయ్యా."

"పడవని చూస్తేనా?"

"దాన్ని తలుచుకుంటే. నిలబడకే, గుమ్మడికాయ దొర్లినట్టు దొర్లుతావు అని ఎన్నిసార్లు వెక్కిరించానో! విందా? మొండిఘటం. పిల్లదాన్ని నా నెత్తిన పెట్టి పోయింది. కళ్ళెదుట ఉండకూడదని ఫొటో కూడా గోడకేసి తిప్పేశా."

నోరు మూసుకుంటే పెద్దోడికి తమ్ముడు దక్కుతాడు. ఆ పిచ్చిదానికి మాత్రం మొగుడి మనసులో కూడా చోటుండదు.

"నన్ను ఆపడానికి నిలబడిందిరా" అన్నాడు.

తమ్ముడి చెయ్యి ఆగింది.

"చెయ్యెత్తింది. పలకరిస్తోందనుకున్నా. పరాయిది ఎత్తుంటే ఆపేవాణ్ణి. మన పిల్లే కదా అని..."

"నువ్వేం చేశావు?"

"నేనూ ఎత్తా."

"అదేమైనా అందా?"

"నోరు కదలడం కనిపించింది. ఇంజను మోతలో వినపడలేదు. బావగారూ అంటోందనుకున్నా."

తమ్ముడు పడవ అడుగుకు నుదురానించి, "ఎన్ని తిట్టానే నిన్ను, ఎన్నెన్ని తిట్టానే" అని వెక్కి వెక్కి ఏడ్చాడు. పెద్దోడు వాడి వీపు నిమరబోయాడు.

"వద్దు. వెళ్ళు అన్నయ్యా" అన్నాడు వాడు తలెత్తకుండానే.