ఉతికిన స్పాంజి

మరకంటే ఆవిడకు పడదు. డ్రై క్లీనింగ్ షాపులో సిరా, నూనె, తుప్పు, ఏ మరకనైనా వదిలించి పంపే మనిషి. ఇంట్లోనూ అదే వరస. ఆవిడ తుడిచిన గచ్చు మీద కాలు పెట్టాలంటే భర్తకు హడలు. అలాంటి ఇంట్లో చేపల్లేని చేపల తొట్టి ఒకటి, కుళ్ళు వాసనతో, వారాల తరబడి తిష్ట వేసింది.

భర్త మొదటి భార్య పోయాక కూతురు అమ్మమ్మ దగ్గర పెరుగుతోంది. తండ్రి ముద్దుగా బుడంకాయ అని పిలిచే ఆ పిల్ల, ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకున్నాక ఒకటే షరతు పెట్టింది. "నా గప్పీలు ఎప్పుడొస్తే నేనూ అప్పుడే వస్తా."

అవి వాళ్ళమ్మ కొనిచ్చిన చేపల పిల్లల పిల్లలు. కొత్త తొట్టిలో తిన్నగా వేస్తే చచ్చిపోతాయట. ముందు ఉత్త నీళ్ళలోనే రోజూ చిటికెడు మేత వేయాలట. అది కుళ్ళితే అమోనియా అనే విషం పుడుతుంది, దాన్ని తినే సూక్ష్మజీవులు చేరతాయి. అవి దాన్ని నైట్రైట్ అనే ఇంకో విషంగా మారిస్తే, దాన్ని తినడానికి మరో జాతి వస్తుంది. చివరికి మిగిలే నైట్రేట్ వల్ల పెద్దగా హాని లేదు. ఆ రెండు జాతులూ కాపురం పెట్టేదాకా ఆగాల్సిందే.

ఆవిడ ఆగింది. ముక్కు మూసుకుని మేత వేసింది. గాజు గొట్టంలో తొట్టి నీళ్ళు పోసి, మందు చుక్కలు కలిపి రంగు చూసింది. ఆకుపచ్చగా ఉంటే అమోనియా ఉన్నట్టు, పసుపైతే లేనట్టు. రంగు పసుపుకు తిరుగుతుంటే ప్రాణం లేచొచ్చింది. పిల్ల వచ్చేస్తోందన్న సంబరంలో ఇల్లంతా కడిగింది. ఆ ఊపులో తొట్టి నీళ్ళు వడకట్టే ఫిల్టరు లోపలి స్పాంజి కంటపడింది. దాని నిండా గోధుమరంగు జిగురు. ఇక ఊరుకుంటుందా? సబ్బు పెట్టి వేడినీళ్ళలో ఉతికి, మల్లెపువ్వులా చేసి మళ్ళీ బిగించింది.

కొద్ది రోజులకే గొట్టం ముదురాకుపచ్చకు తిరిగింది.

"దానికి చెప్పకు. ఏదో ఆలస్యమైందని సర్దిచెబుదాం" అన్నాడు భర్త.

"రాకముందే అబద్ధమా? బాగుంది సంబడం" అని ఆవిడే ఫోను చేసింది. "అమ్మా, స్పాంజి ఉతికాను."

"తొట్టి నీళ్ళలోనేనా?"

"కాదు. సబ్బుతో."

"అయ్యో, ఆ సూక్ష్మజీవులుండేది అందులోనే పిన్నీ" అంది పిల్ల.

"తెలియక చేశానమ్మా. ఇక నువ్వు రావేమోనని భయంగా ఉంది."

మర్నాడు సాయంత్రం తండ్రి వెంట పిల్ల దిగింది. చేతిలోని డబ్బాలో, పాత తొట్టి నీళ్ళలో నానుతూ, తన ఫిల్టరు స్పాంజిలో సగం ముక్క, సూక్ష్మజీవులతో సహా. ఉతికినదాన్ని పారేశారు. తొట్టిని ఉత్త నీళ్ళతో కడిగి, క్లోరిన్ పోయే మందు కలిపి, మళ్ళీ నింపారు. పిల్ల ఆ ముక్కను నీళ్ళలో కాస్త పిండింది. అద్దంలాంటి నీళ్ళలో బురద మేఘం లేచింది. ఆవిడ చేతులు వాటంతటవే తుడుపుగుడ్డ మీదికి పోయాయి.

పిల్ల ఆవిడ ముఖమే చూస్తోంది. "కోపమొచ్చిందా?"

"కోపం కాదు, దురద. మురికి కనబడితే నా చేతులు ఊరుకోవు" అని ఆవిడ గుడ్డను దూరంగా విసిరేసింది. "ఇంకొంచెం పిండు."

పిల్ల కిసుక్కున నవ్వింది. ఆ ఇంట్లో అది నవ్వడం అదే మొదలు.

పిల్ల మళ్ళీ అమ్మమ్మ దగ్గరికి వెళ్ళిపోయినా, రోజూ మేత వేశాక ఫోను మోగేది. "ఈరోజు ఏ రంగు పిన్నీ?" రంగుతో మొదలైన మాటలు బడి దాకా, ఊడిన పన్ను దాకా పోయేవి. ఒకనాటికి అమోనియా గొట్టం పసుపుగా నిలిచింది. నైట్రైట్ లేదని రెండో గొట్టం లేతనీలం చూపించింది. రంగు మారదని నమ్మకం కుదిరాక గప్పీలు వచ్చాయి. తోకలు ఊపుకుంటూ తొట్టంతా కలియదిరిగాయి. పిల్ల బట్టల సంచీ కింద పెట్టి నాలుగువైపులా చూసింది.

"నా పక్క ఎక్కడ వేశారు?"

వస్తుందో రాదో అన్న గుబులుతో ఆవిడ మంచం సంగతే తలపెట్టలేదు. "నీకెక్కడ కావాలో చెప్పమ్మా, అక్కడే వేస్తాను."

"తొట్టి దగ్గరే. మీరు మళ్ళీ ఏం ఉతికేస్తారో కనిపెట్టుకుని ఉండాలిగా" అంది బుడంకాయ.